బేతనియ విందులో లాజరు

ధ్యాన భాగము: యోహాను సువార్త 12వ అధ్యాయము, 1 నుండి 11 వచనములు



పస్కా పండుగకు ఆరు దినములు ముందుగా బేతనియలో మన ప్రభువునకు విందు చేసిరి. మార్త వడ్డించుచుండెను. మరియ విలువగల అత్తరు తెచ్చి ఆయన పాదములకు పూసెను. ఈ భాగమునుగూర్చి బోధించువారు సాధారణముగా మరియ అత్తరు దగ్గర ఆగుదురు, లేనియెడల యూదా డబ్బుసంచి దగ్గర ఆగుదురు. అదే పంక్తిలో మరియొకడు కూర్చుండి యున్నాడు. అతనివైపు చూచువారు తక్కువ. అతడు లాజరు.

నాలుగు దినములు సమాధిలో నుండి వెలుపలికి వచ్చినవాడు లాజరు. మొన్న ప్రేతవస్త్రములతో కట్టబడిన ఆ చేతులే నేడు రొట్టె విరుచుచున్నవి. ఇంతకంటె సంతోషకరమైన విందు మరియొకటి ఉండునా అని మనకు తోచును. అయితే పదియవ వచనము చదువుడి. ప్రధాన యాజకులు లాజరునుకూడ చంపవలెనని ఆలోచన చేసిరి. బేతనియకును యెరూషలేమునకును మధ్య దూరము రెండు మైళ్ల లోపే. ఒకమారు మరణము నోటినుండి బయటపడిన మనుష్యునిమీద మరణము మరల కన్ను వేసెను. ఆ కన్ను తనమీద నుండగానే అతడు విందు పంక్తిలో కూర్చుండెను.

రొమ్ము కేన్సరు వచ్చి, ఆపరేషను చేయించుకొని, కీమో మందు ఎక్కించుకొని, మనవారు కరెంటు పెట్టుట అని పిలుచు రేడియేషను కూడ ముగించుకొని ఇంటికి తిరిగి వచ్చిన సహోదరీల కొరకు ఈ లాజరును ఈ నెల ముందుకు తెచ్చుచున్నాము. మన పెద్దలు రాచపుండు అని పిలిచి, ఆ పేరును కూడ గట్టిగా పలుకుటకు జంకిన జబ్బు అది. చికిత్స ముగిసిన దినమున ఇంటిల్లిపాది గండము గడిచినదని ఊపిరి పీల్చుకొందురు. భర్త మరల పొలమునకు పోవును. పిల్లలు బడికి పోవుదురు. చూడవచ్చిన చుట్టములు తమ ఊళ్లకు వెళ్లిపోవుదురు. అందరును వెళ్లిన తరువాత ఆమెకు అసలు భయము మొదలగును.

మిరపకాయలు కోసి వచ్చిన సాయంకాలము నడుము నొచ్చును. పక్కింటి స్త్రీకి నడుము నొచ్చిన యెడల కాపు పెట్టుకొని పండుకొనును. ఈమె మాత్రము అది ఎముకలోనికి దిగినదేమో అని తెల్లవారువరకు మేలుకొని యుండును. దగ్గు వచ్చిన యెడల ఊపిరితిత్తులని తలంచును. రాత్రి నిద్రలో చేయి తనంతట తానే ఆపరేషను గాటుమీదికి పోయి వెదకును. ఆసుపత్రిలో పక్క మంచముమీద పండుకొనిన స్త్రీ చనిపోయెనని ఫోనులో తెలిసిన దినమున ఇంటిలో పొయ్యి వెలుగదు. పెండ్లికి ఎదిగిన కుమార్తె ఉన్న యెడల, తల్లి జబ్బు వినిన వరుని తరపువారు వెనుకకు పోవుదురేమో అను దిగులు దీనికి తోడగును. పరీక్షకు రమ్మని డాక్టరు వ్రాసిచ్చిన తేదీ దగ్గరపడిన కొలది అన్నము సహింపదు.

మా గ్రామ సంఘములలో ఒకదానిలో ఇట్టి సహోదరి ఒకతె యున్నది. ఆపరేషను జరిగి మూడేండ్లు దాటినది. ఆసుపత్రి మంచముమీద నున్నప్పుడు, లేచి ఇంటికి వచ్చిన యెడల కృతజ్ఞతా కూడిక పెట్టి సంఘమునకు భోజనము పెట్టెదనని మ్రొక్కుకొనెను. ఇంటికి వచ్చెను. కూడిక మాత్రము పెట్టలేదు. సంఘములో కొందరు ఆమెను కృతజ్ఞత లేనిదనిరి, కొందరు పిసినిగొట్టుతనమనిరి. మేము ఆమె ఇంటికి పోయి ఆ మాట ఎత్తకుండ ప్రార్థన చేసి లేచుచుండగా ఆమెయే ఇట్లు చెప్పెను: “అయ్యగారూ, కూడికకు దాచిన డబ్బు పెట్టెలోనే ఉందండి. నలుగురి ముందూ లేచి నేను బాగుపడ్డానని చెబుతాను. రేపు అది మళ్లీ వస్తే? అప్పుడు నన్ను చూసి నవ్వితే నవ్వనీ అయ్యగారూ, దేవుణ్ణి చూసి నవ్వరా?”

ప్రియులారా, ఆమెకు తన ప్రాణముమీది భయము ఒకటి, తన సాక్ష్యమువలన దేవుని నామమునకు అపకీర్తి కలుగునేమో అను భయము మరియొకటి. ఈ రెండవదానిని ఆమె మెడకు కట్టినది సంఘమే. సాక్ష్యమనగా నేను ఇక ఎన్నటికిని జబ్బుపడనని పూచీ వ్రాసియిచ్చుట అన్నట్లు మన కూడికలలో మాటలాడుటకు అలవాటుపడితిమి. “పూర్తిగా స్వస్థత” అని చెప్పనిదే మనకు తృప్తి లేదు.

సమూయేలు మిస్పాకును షేనుకును మధ్య నిలిపిన రాయిని జ్ఞాపకము చేసికొనుడి. దానికి ఎబెనెజరు అని పేరు పెట్టెను. మన ఇండ్ల గోడలమీదను, ట్రాక్టరుల మీదను, ఆటోల మీదను ఆ పేరు వ్రాసికొనుచున్నాము. అయితే ఆ దినమున సమూయేలు పలికిన మాటలో “ఇంతవరకు” అను మాట యున్నది. ఇకమీదట ఫిలిష్తీయులు రారని అతడు ఆ రాతిమీద వ్రాయలేదు. వారు మరల వచ్చిరి. సౌలు కాలమున సముద్రతీరపు ఇసుకవలె లెక్కలేనివారై మిక్మషులో దిగిరి. అప్పుడు ఎవరైనను పోయి, ఈ రాయి అబద్ధమాడినదని దానిని పెరికివేసినట్లు వ్రాయబడలేదు. మూడేండ్ల క్రిందట దేవుడు చేసిన సహాయము మూడేండ్ల క్రిందట నిజముగా జరిగినది. రేపు ఏమి వచ్చినను దానిని జరుగనిదిగా చేయజాలదు. ఆ సహోదరితో మేము చెప్పినది ఇంతే: అమ్మా, నీవు “ఇంతవరకు” అను మాట చెప్పి కూర్చుండుము, ఆ పైమాట చెప్పుమని నిన్ను అడుగు అధికారము సంఘమునకు లేదు.

అసలు మాట చెప్పవలెనన్న నియమము కూడ లేదు. బేతనియ విందులో లాజరు ఏమి సాక్ష్యము చెప్పెనో సువార్తికుడు ఒక్క మాటైనను వ్రాయలేదు. సమాధిలో ఎట్లుండెనో, నాలుగు దినములు ఏమి చూచెనో తెలిసికొనవలెనని వచ్చిన జనసమూహమునకు ఆశ లేకపోలేదు. అతడు కూర్చుండెను, భోజనము చేసెను. అతనిని చూచియే అనేకులు నమ్మిరి.

మాటలాడుట కొందరికి ఎంత కష్టమో చెప్పుటకు ఒక పాత సంగతి చెప్పుదుము. ఫానీ బర్నీ అను ఆంగ్ల నవలా రచయిత్రి యుండెను. 1811 సెప్టెంబరు 30వ తేదీన పారిసు నగరమున ఆమె రొమ్మును తీసివేసిరి. నెపోలియను సైన్యమునకు వైద్యుడైన లారే అను శస్త్రవైద్యుడు ఆపరేషను చేసెను. మత్తుమందు ఇంకను లోకమునకు తెలియని కాలమది. ఆ తరువాత కొన్ని నెలలవరకు ఆ సంగతిని గూర్చి మాటలాడిన యెడల ఆ బాధను మరల పడినట్లే యుండెనని ఆమె తన సహోదరికి ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము వ్రాసి ముగించుటకే నెలలు పట్టెను. అప్పటికి ఆమెకు 59 ఏండ్లు. ఆమె 1840లో, తన 87వ ఏట చనిపోయెను. ఇది అందరికి ఇట్లే జరుగునని చెప్పుటకు వ్రాయుట లేదు. జరిగినదానిని నలుగురిలో చెప్పలేకపోవుట అవిశ్వాసము కాదని చెప్పుటకు వ్రాయుచున్నాము.

భయపడుట పాపమా అని మమ్మును అడిగినవారు కలరు. భయపడువారికి విశ్వాసము లేదని వేదికమీద కేకలు వేయు బోధకులను వినియే వారు ఇట్లు అడుగుచున్నారు. దావీదు గాతులో ఫిలిష్తీయుల చేతిలో చిక్కినప్పుడు పాడిన 56వ కీర్తనను చూడుడి. తనకు భయము కలుగదని అతడు చెప్పలేదు. భయము కలిగిన దినమున ఎవరిని ఆశ్రయించునో చెప్పెను. గెత్సేమనే తోటలో మన ప్రభువు కలవరపడి, తన ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నదని శిష్యులకు చెప్పెను. తనతోకూడ మెలకువగా నుండుడని ముగ్గురిని బ్రతిమాలుకొనెను. పాపమెరుగని ఆయనకే రానున్నదానిని గూర్చిన వేదన కలిగిన యెడల, గాటుమీద చేయి పెట్టుకొని రాత్రి మేలుకొనియున్న తల్లిని ఎవడు నిందించును? ఆ తోటలో తప్పుచేసినవారు నిద్రపోయిన ముగ్గురే.

మరల మరల పరీక్షలకు పోవుట దేవుని నమ్మకపోవుటయే అని చెప్పువారు కూడ ఉన్నారు. వీరు లేవీయకాండము 13వ అధ్యాయమును శ్రద్ధగా చదువవలెను. చర్మముమీద మచ్చ కనబడినవానిని యాజకుడు చూచి ఏడు దినములు వేరుగా ఉంచవలెను. ఏడవ దినమున మరల చూడవలెను. మరి ఏడు దినములు ఉంచి మరల చూడవలెను. పవిత్రుడని చెప్పి పంపిన తరువాత మచ్చ వ్యాపించిన యెడల అతడు మరల వచ్చి కనబడవలెను. మరల చూచుట, వేచియుండుట, తిరిగి వచ్చి కనబడుట అనువాటిని దేవుడే తన ధర్మశాస్త్రములో వ్రాయించెను. ఆ ఏడు దినములు పరీక్ష రిపోర్టు కొరకు ఆసుపత్రి వరండాలో కూర్చున్న దినములవంటివే. (పోలిక చూచుటలోను వేచియుండుటలోను మాత్రమే. కేన్సరు అంటుజబ్బు కాదు. ఆమెకు వేరుగా కంచము, వేరుగా గ్లాసు పెట్టు ఇండ్లు ఇంకను ఉన్నవి. అది అజ్ఞానము, దానికంటె క్రూరత్వము.)

ఈ సంగతులు డాక్టరు చెప్పవలసినవి గదా, పాస్టరుకెందుకు అని కొందరందురు. పెద్ద ఆసుపత్రిలో రెండు వందలమంది వరుసలో ఉన్నప్పుడు డాక్టరు ఒక్కొక్కరితో ఎంతసేపు మాటలాడగలడు? వినినదానిలో సగము భయమువలన చెవిన పడదు. కావున తెలిసినంతవరకు ఇక్కడ చెప్పుచున్నాము.

ఆపరేషను తరువాత మొదటి మూడేండ్లు మూడు నుండి ఆరు నెలలకొకమారు, ఐదవ ఏడు ముగియువరకు ఆరు నుండి పన్నెండు నెలలకొకమారు, ఆ తరువాత ఏడాదికొకమారు డాక్టరుకు కనబడుట సాధారణ పద్ధతి. మిగిలియున్న రొమ్మునకు ఏడాదికొకమారు మామోగ్రాము అను ఎక్స్‌రే తీయుదురు. తొలి దశలోనే చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి జబ్బు తిరిగి రాదు. కొందరికి వచ్చును. దీనిని దాచుట వలన మేలు లేదు. గడ్డను తీసివేయకముందే కంటికి కనబడని కణములు కొన్ని జారిపోయి ఎముకలోనో ఊపిరితిత్తిలోనో కాలేయములోనో నిద్రించుచుండవచ్చును. ఆపరేషనుతో ఆపక కీమోయు మాత్రలును ఇచ్చుట అందుకొరకే. ఆమె చేసిన పాపమువలన గాని, తినిన ఒక తిండివలన గాని, ప్రార్థన తప్పిన ఒక దినమువలన గాని ఆ కణము లేచుట లేదు.

రొమ్మును పూర్తిగా తీయక గడ్డను మాత్రమే తీసిన కొందరు సహోదరీలు, మిగిలినదానిలోనుండి తిరిగి వచ్చునని కుమిలిపోవుచున్నారు. ఒకప్పుడు వైద్యులును అట్లే తలంచిరి. అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 19వ శతాబ్దము చివర రొమ్మును, దాని క్రింది కండరములను, చంక గడ్డలను అన్నిటిని తీసివేయు ఆపరేషను ఆరంభించెను. ఎంత ఎక్కువ తీసిన అంత క్షేమమని డెబ్బది ఎనుబది ఏండ్లు లోకమంతట నమ్మిరి. తరువాత అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో వెరొనేసి అను వైద్యులు స్త్రీలను గుంపులుగా చేసి ఇరువది ఏండ్లు చూచి, 2002లో ఫలితములు ప్రకటించిరి. గడ్డను మాత్రము తీసి రేడియేషను ఇచ్చినవారును, రొమ్మంతయు తీయించుకొనినవారును సమానముగానే బ్రదికిరి. డాక్టరు తగునని చెప్పి చేసిన చిన్న ఆపరేషనువలన ప్రాణమునకు లోటు కలుగలేదని ఆ తల్లులు ధైర్యము తెచ్చుకొనవచ్చును.

దినమునకు పదిమారులు ఒత్తి చూచుకొనుటవలన చర్మము కంది భయము పెరుగును గాని ప్రయోజనము లేదు. నెలకొకమారు స్నానము చేయునప్పుడు చూచుకొనిన చాలును. గాటు దగ్గర గాని చంకలో గాని రెండవ రొమ్ములో గాని క్రొత్త గడ్డ తగిలినను, ఎముక నొప్పి రెండు వారములు దాటియు తగ్గకపోయినను, ఆయాసము గాని విడువని దగ్గు గాని వచ్చినను, డాక్టరు ఇచ్చిన తేదీ కొరకు ఆగక వెళ్లవలెను. చేయి వాచుట చంక గడ్డలు తీసినవారికి తరచుగా కలుగునది; అది జబ్బు తిరిగి వచ్చుట అని అనుకొననక్కరలేదు, అయినను చూపింపవలెను.

ఇక మాత్రలు. దీనిని మేము కొంచెము గట్టిగానే చెప్పుదుము. హార్మోనువలన పెరుగు రకపు కేన్సరు వచ్చినవారికి ఐదేండ్లు, కొందరికి పదేండ్లు, టామోక్సిఫెన్ వంటి మాత్ర దినమునకొకటి ఇత్తురు. ఈ రకము ఐదేండ్లు దాటిన తరువాత కూడ తిరిగి రాగలదు గనుక అన్ని ఏండ్లు ఇత్తురు. ఐదేండ్లు టామోక్సిఫెన్ వాడుటవలన అట్టివారిలో రొమ్ము కేన్సరు మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవని 2011లో వైద్యులు ప్రకటించిరి. ఒంటికి ఆవిరులు వచ్చును, చెమటలు పట్టును, నిద్ర చెడును. ముట్టు ఆగిన తరువాత రక్తము కనబడిన యెడల వెంటనే డాక్టరుకు చెప్పవలెను. అయితే, “స్వస్థపడితినని నమ్మినదానవు, ఇంక మాత్ర ఎందుకు?” అని ఒక స్త్రీచేత ఆ మాత్రలు మాన్పించువాడు ఆమె ప్రాణముతో ఆడుకొనుచున్నాడు. హిజ్కియా రాజు మరణకరమైన రోగమునుండి స్వస్థపడునని దేవుడు తన నోటితోనే వాగ్దానము చేసెను. ఆ వాగ్దానము తెచ్చిన యెషయా ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయుమనెను. వాగ్దానమును ముద్దయు ఒకే దినమున ఒకే నోట వచ్చినవి.

ఆ హిజ్కియాకు మరియొకటి కూడ కలిగెను. ఎన్ని ఏండ్లు బ్రదుకునో లెక్క చెప్పబడెను: పదిహేనేండ్లు. ఇంకెన్నాళ్లో తెలిసిన బాగుండును అని మన సహోదరీలు నిట్టూర్పు విడుతురు గదా! తెలిసిన రాజు ఏమాయెను? అతని మనస్సు గర్వించెననియు, తాను పొందిన మేలునకు తగినట్లు ప్రవర్తింపలేదనియు దినవృత్తాంతముల రెండవ గ్రంథము చెప్పుచున్నది. ఆ లెక్క మనకు తెలియజేయకపోవుట దేవుని కాఠిన్యమని మేము అనుకొనము.

అది నిజముగా తిరిగి వచ్చిన యెడల? ఈ ప్రశ్నను దాటిపోయిన యెడల పైన వ్రాసినదంతయు నోటిమాటయే. సువార్తలలో ప్రభువు స్వస్థపరచిన ప్రతి మనుష్యుడును ఒక దినమున చనిపోయెను. యాయీరు కుమార్తెయు, నాయీను విధవరాలి కుమారుడును, లాజరును రెండవమారు చనిపోయిరి. లాజరు రెండవ మరణమును గూర్చి వ్రాయబడలేదు. ఆ రెండవమారు రాయి తొలగించువాడు రాలేదు. మొదటిమారు అతని సమాధి దగ్గర కన్నీరు విడిచిన ప్రభువు రెండవమారు అతని ప్రేమించుట మానెనని ఎవరు చెప్పగలరు? పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు, దేవుని ప్రేమనుండి మనలను ఎడబాపలేనివాటి జాబితాలో మరణమును జీవమును చెప్పి ఊరకొనక, ఉన్నవియు రాబోవునవియు అని కూడ చేర్చెను. ఈ సహోదరీలను రాత్రులు మేలుకొలుపుచున్నది ఆ రాబోవునదియే. జబ్బు మరల వచ్చిన యెడల మరల చికిత్స కలదు. నయము కాని దశలో కూడ నొప్పిని తగ్గించి దినములను పొడిగించు మందులు కలవు. మొదటి ప్రార్థన వ్యర్థమైనదని గాని, ఎక్కడనో విశ్వాసము తప్పినదని గాని ఆమె పడకయొద్ద ఎవరును పలుకకూడదు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మూసికొని నేలను కూర్చున్నంతకాలము మంచి స్నేహితులుగానే యుండిరి.

సంఘమునకు ఒక మాట. “నీకేమీ కాదమ్మా” అని తేలికగా చెప్పకుడి. అది మనకు తెలియదు, మనకు తెలియదని ఆమెకు తెలియును. దానికి బదులు ఆమెతో బస్సు ఎక్కుడి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, వేలూరునకో, 1954లో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారు స్థాపించిన చెన్నై అడయారు ఆసుపత్రికో మన గ్రామములనుండి పోయినవారు కలరు. 2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమున ఆరోగ్యశ్రీ ఆరంభమైన నాటినుండి ఆపరేషను ఖర్చు పేద కుటుంబములకు కొంత తేలికైనది. కాని పరీక్షకు పోవు దినపు కూలి, తోడు పోవువారి కూలి, దారి ఖర్చు చాలమందికి ఇంటిమీదనే పడుచున్నవి. ఇందువలన తేదీ తప్పించుకొను తల్లులను మేము ఎరుగుదుము. డబ్బు లేదని చెప్పుదురు, భయమని చెప్పరు, రెండును నిజమే. స్త్రీల సమాజమువారు నెలసరి కానుకలో కొంత దీని కొరకు ప్రక్కన పెట్టవలెనని మా మనవి. తోడు పోవువారు దారిలో బోధ చేయనక్కరలేదు, గెత్సేమనేలో ప్రభువు అడిగినట్లు మెలకువగా నున్న చాలును.

పరీక్షల కొరకు ఈ నెల ప్రయాణమగు సహోదరీలు తేదీని మాకు గాని సంఘ పెద్దలకు గాని తెలియజేసిన యెడల ఆ ఉదయమున గుడిలో ప్రార్థన జరుగును. జబ్బు పేరు చెప్పుట ఇష్టము లేనివారు ప్రయాణము అని మాత్రము చెప్పవచ్చును.